సముద్రం లేని ఊరికి నౌకాదళం

(వికారాబాద్, తాండూరు ప్రాంతాల ఊర్ల కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల తూర్పు నౌకాదళ కమాండ్ చరిత్ర చెప్పుకుందాం అంటే కొందరు నవ్వారు. వికారాబాదుకు సముద్రం ఎక్కడుంది, తాండూరుకు ఓడ ఎట్లొస్తది అన్నారు. మాట నిజమే. మన అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ పోయి కృష్ణలో కలవాలె, ఆ కృష్ణ పోయి సముద్రంలో కలవాలె. మనకూ సముద్రానికీ అంత దూరం. అయినా 2024 అక్టోబరు 15న పూడూరు మండలం దామగుండం అడవిలో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలిసి నౌకాదళ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 2,900 ఎకరాల అడవి. 3,200 కోట్ల రూపాయల పని. 2027 నాటికి పూర్తి చేస్తామని చెప్పారు.

సముద్రం మన దగ్గరికి రాలేదు గానీ, సముద్రాన్ని కాపాడే దళం వచ్చి మన మేకలు మేసే చోట కూచున్నది. ఇంటికి చుట్టం వస్తే ఎవరు, ఎక్కడివాడు, ఎన్నాళ్లుంటడు అని అడుగుతాం. ఈ చుట్టం నాలుగు దినాలుండి పోయే చుట్టం కాదు. కాబట్టి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలె.

కమాండ్ ఎట్ల పుట్టింది

మన దేశ నౌకాదళానికి మూడు కమాండ్లు ఉన్నయి. పడమటి కమాండ్ ముంబైలో, దక్షిణ కమాండ్ కొచ్చిలో, తూర్పు కమాండ్ విశాఖపట్నంలో. జిల్లాకు కలెక్టరేట్ ఎట్లనో ఒక దిక్కు సముద్రానికి కమాండ్ అట్ల. అక్కడి ఓడలు, జలాంతర్గాములు, ఒడ్డు మీది స్థావరాలు అన్నీ ఒక పెద్ద అధికారి చేతి కింద నడుస్తయి.

విశాఖలో పెద్ద ఓడలు ఆగే రేవు 1933లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి బ్రిటిషోళ్లకు ఆ రేవు సైనిక అవసరం అయింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అప్పుడు దళం పేరు రాయల్ ఇండియన్ నేవీ. అధికారం తెల్లోళ్లది, చాకిరీ మనోళ్లది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో ఆ దళం నావికులు తిరగబడ్డారు. పాడైన తిండి, తక్కువ జీతం, అధికారుల బూతులు, ఇవీ కారణాలు. కరాచీ, మద్రాసు, కలకత్తా, విశాఖపట్నం దాకా ఆ తిరుగుబాటు పాకింది. నాలుగైదు దినాల్లో అణిచేశారు. కానీ అడుగున పనిచేసేవాడు లెక్క అడిగితే పైనున్నవాడు వణుకుతడని ఆ నావికులు చూపించి పోయారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలాకాలం నౌకాదళం బలమంతా బొంబాయి దిక్కే ఉండేది. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధాలు అయినయి. అప్పటికి తూర్పున బంగాళాఖాతం అవతల కూడా పాకిస్తానే ఉంది. అదే కాలంలో సోవియట్ యూనియన్ మనకు జలాంతర్గాములు ఇచ్చింది. మొదటిది కల్వరి, 1967 డిసెంబరులో దళంలో చేరింది. వీటికి ఒక ఇల్లు కావాలె, తూర్పు సముద్రానికి ఒక కాపలా కావాలె. అట్ల 1968 మార్చిలో విశాఖ కేంద్రంగా తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది.

మూడేండ్లకే 1971 యుద్ధం వచ్చింది. విక్రాంత్ ఓడను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటినంక విశాఖ దగ్గర మునిగిపోయింది. అందులో ఉన్న 90 మందికి పైగా మనుషులు చనిపోయారు. ఎట్ల మునిగిందన్నదాని మీద రెండు దేశాలు రెండు కథలు చెప్తయి. విక్రాంత్ అప్పటికే అండమాన్ దిక్కు దాక్కొని ఉంది. తర్వాత దాని విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ రేవుల మీద దాడి చేసినయి. బంగ్లాదేశ్ పుట్టుకలో తూర్పు కమాండ్ చెయ్యి ఉంది.

ఇందులో రెండు సంగతులు మన కార్యకర్తలు తెలుసుకోవాలె. ఒకటి, ఘాజీ మునిగిందని చెప్పే తేలుడు సామాను సముద్రం మీద మొదట దొరికింది చేపలకు పోయిన జాలర్లకు. విశాఖ బీచిలో యుద్ధ స్మారకం ఉంది, కుర్సురా జలాంతర్గామిని మ్యూజియం చేశారు, పిల్లలను తీస్కపోయి చూపిస్తారు. ఆ జాలర్లు మాత్రం కథలో ఒక వాక్యం. రెండు, ఆ యుద్ధం జరిగినప్పుడు దేశ రక్షణ మంత్రి బాబూ జగ్జీవన్ రామ్. చమార్ కులంలో పుట్టిన మనిషి మూడు దళాలకు మంత్రిగా ఉండి గెలిపించాడు. దళితునికి యుద్ధం సంగతి ఏమి తెలుసు అనే నోటికి అంతకంటే జవాబు అక్కరలేదు.

యూనిఫాంకు కులం లేదా?

సైన్యంలో కులం లేదంటారు. మంచిమాట. మరి చరిత్ర ఏమంటది? బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. బాబాసాహెబ్ 1891లో పుట్టింది మౌ కంటోన్మెంటులో. ఆ కాలంలోనే ఇంగ్లీషోళ్లు వీరజాతులు, వీరజాతులు కానివి అని మనుషులను ఏరుడు మొదలుపెట్టారు. 1892 నుంచి మహర్లకు సైన్యం తలుపు మూసుకపోయింది. అప్పటిదాకా తుపాకి పట్టినవాడు ఒక్క కలం గీతతో పిరికివాడైపోయాడు. మద్రాసు సైన్యంలో ఉన్న అంటరాని కులాలకూ క్రమంగా అదే గతి పట్టింది. మళ్లీ తలుపు తెరిపించడానికి బాబాసాహెబ్ ఏండ్ల కొద్దీ కొట్లాడవలసి వచ్చింది. 1941లో మహర్ రెజిమెంటు ఏర్పడింది.

ఇప్పుడు చట్టం దగ్గరికి రండి. యూనిఫాం వేసే సైనికుల, నావికుల నియామకాల్లో రిజర్వేషన్ లేదు. 2022లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేండ్ల కొలువు, నూటికి 25 మందిని ఉంచుకుంటరు, 75 మందిని ఇంటికి పంపుతరు. ఆ ఏడాది జులైలో అగ్నివీర్ దరఖాస్తులో కులం కాలమ్ ఎందుకు పెట్టారని దేశమంతా అడిగింది. అది ఎప్పటి నుంచో ఉన్నదే అని సర్కారు జవాబిచ్చింది. అంటే కులం రాయడానికి కాలమ్ ఉంది, కులానికి వాటా మాత్రం లేదు.

నౌకాదళం అగ్నివీర్ నోటిఫికేషన్ చదివినోళ్లు ఎందరున్నారు? దాంట్లో రెండు దారులు ఉంటయి. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ చదివినోళ్లకు ఎస్.ఎస్.ఆర్., అంటే ఓడ నడిపే, యంత్రాలు చూసే, ఆయుధాలు పట్టే దిక్కు పోయే దారి. పదో తరగతి చాలు అనే దారి ఎం.ఆర్. అందులో పనులు వంట, వడ్డన, పారిశుధ్యం. పాతకాలంలో ఓడలో ఊడ్చేవాణ్ణి టోపాస్ అనేవారు. ఇప్పుడు హైజీనిస్ట్ అంటరు. పేరు బాగుంది. చీపురు మారలేదు. మన వాడల్లో పదో తరగతి పాసై ఆగిపోయే పిల్లలకు ఏ దారి మిగులుతదో మీకు నేను చెప్పాల్నా? ఇది ఎవరో కుట్ర చేసి రాసిన రూలు కాకపోవచ్చు. కానీ లెక్కలు, ఫిజిక్స్ ఏ వాడకు అందుతయి, ఏ వాడకు అందవు అన్నది కులమే నిర్ణయిస్తున్నది.

దామగుండానికే ఎందుకు?

పేపర్లలో రాడార్, రాడార్ అని రాస్తున్నారు. అసలు అది రాడార్ కాదు. అతి తక్కువ ఫ్రీక్వెన్సీలో, 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య, సందేశం పంపే రేడియో కేంద్రం. మామూలు రేడియో తరంగం ఉప్పునీళ్లలోకి పోదు. ఈ పొడుగాటి తరంగం మాత్రం కొన్ని పదుల మీటర్ల లోతు దాకా దిగుతది. నీళ్ల కింద దాక్కున్న జలాంతర్గామికి హుకుం చేరవేయడానికి ఇదే సాధనం. దీనికి ఎత్తైన టవర్లు కావాలె, తీగలు పరచడానికి చాలా జాగా కావాలె. ఇటువంటిది మొదటిది తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర 1990లో మొదలైంది, దాని పేరు ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్. రెండోది మనది.

రెండోది ఎందుకు అవసరమైంది? 2009లో విశాఖలో అరిహంత్ అనే అణు జలాంతర్గామిని నీళ్లలోకి దింపారు. 2024 ఆగస్టులో రెండోది అరిఘాత్ దళంలో చేరింది. అవి నెలల తరబడి నీళ్ల కిందే ఉండగలవు. వాటికి మాట చేరవేయడానికి ఒక్క కేంద్రం మీదనే ఆధారపడలేమని నౌకాదళం అంటది. దేశ రక్షణకు ఇది అవసరం కాదని నేను అనను. చైనా ఓడలు హిందూ మహాసముద్రంలో తిరుగుతున్న సంగతి అందరికీ ఎరుకే.

ఇంకో సంగతి కూడా నిజం చెప్పుకోవాలె. ఈ టవర్ల తరంగాలతో క్యాన్సర్ వస్తది, పిల్లలు పుట్టరు అని ఊర్లలో ప్రచారం ఉంది. ఇవి ఎక్స్‌రే లాంటి కిరణాలు కావు, రేడియో తరంగాలు. భయం మీద ఉద్యమం కట్టొద్దు. రేపు ఒక శాస్త్రవేత్త వచ్చి ఆ భయం తప్పని చెప్తే మన న్యాయమైన మాట కూడా దానితోనే కొట్టుకపోతది. కేంద్రం మొదలైనంక తరంగాల కొలతలు ప్రతి ఏడాది తీసి, తెలుగులో పంచాయతీ గోడకు అంటించాలని అడుగుదాం. అది అడిగే హక్కు మనకుంది.

కాగితం లేనోని లెక్క

ఇప్పుడు అసలు మాట. ఈ జాగా కోసం నౌకాదళం ఏండ్ల తరబడి అడిగింది. 2017లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, 2024 జనవరిలో ఇప్పటి ప్రభుత్వం అప్పజెప్పింది. కాబట్టి ఏ జెండా మోసేవాడూ ఇంకో జెండా మీద నెట్టి తప్పించుకోలేడు. అడవి పరిరక్షణ కోసం కొందరు హైకోర్టు దాకా పోయారు. ఎన్ని చెట్లు పోతయి అన్నదాని మీద సర్కారు ఒక లెక్క, ఉద్యమకారులు ఒక లెక్క చెప్పారు. నష్టానికి బదులుగా అడవులు పెంచడానికి నౌకాదళం 133 కోట్లకు పైగా, నేల, నీటి సంరక్షణకు 18 కోట్లకు పైగా కట్టింది.

చూడండి, చెట్టుకు లెక్క ఉంది. మట్టికి లెక్క ఉంది. లోపల రామలింగేశ్వర స్వామి గుడి ఉంది, భక్తుల దారి మూయొద్దని శంకుస్థాపన సభలోనే మాట్లాడారు. దేవునికి లెక్క ఉంది. ఆ అడవిలో మేకలు మేపుకునేటోడు, కట్టెల మోపు కట్టుకునే ముసలమ్మ, సీతాఫలాలు ఏరి గంపలో పట్నం తీస్కపోయే ఆడబిడ్డ, వీళ్లు ఏ పద్దు కింద ఉన్నారు? ఏ పద్దు కిందా లేరు. ఎందుకంటే పట్టా భూమి పోతే నష్టపరిహారం. అడవి సర్కారుది, కాబట్టి ఎవరి భూమీ పోనట్టే లెక్క. ఎవరూ నిర్వాసితులు కానట్టే లెక్క. భూమి ఉన్న కులాలకు పొలం గట్టు మీద మేత ఉంటది. భూమి లేని మాల మాదిగలకు, లంబాడోళ్లకు, గొల్ల కురుమలకు అడవే గట్టు, అడవే పొలం.

ఇది కొత్త సంగతి కాదు. తాండూరు, వికారాబాద్ మీదుగా పోయే వాడి లైను 1874లో నడవడం మొదలైంది. సికింద్రాబాద్ కంటోన్మెంటును బొంబాయి లైనుకు కలపాలని బ్రిటిషోళ్ల కోరిక, సొమ్ము నిజాం రాజ్యానిది, మట్టి గంపలు మోసింది కూలోళ్లు. అప్పుడూ సైన్యం అవసరం మన నేల మీదినుంచే పోయింది. తాండూరు నాపరాయి మీద ఊర్లకు ఊర్లు నడుస్తున్నయి. ఆ బండ తీసిన కూలి ఇంట్లో మట్టి అలుకే.

విశాఖలో ఏమైందో కూడా చూడండి. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన వాళ్లకు ఆర్ కార్డులు ఇచ్చారు. కార్డు చేతిలో ఉన్నా ఉద్యోగం రాక వేలమంది ఏండ్లకేండ్లు తిరిగారు. రాంబిల్లి దగ్గర నౌకాదళ స్థావరం కోసం ఊర్లు పోయినయి, జాలర్లు పరిహారం కోసం ఎన్నోసార్లు రోడ్డెక్కారు. కాగితం ఉన్నోనికే అంత తిప్పలు అయితే, కాగితమే లేనోని గతి ఏమిటి?

అందుకే నేననేది, మన మొదటి పని కాగితం పుట్టించడం.

ఏం చెయ్యాలె

ఒకటి. అడవి చుట్టూ ఉన్న ప్రతి ఊర్లో ఒక రిజిస్టరు పెట్టండి. ఏ ఇంటికి ఎన్ని మేకలు, ఎన్ని పశువులు, ఏ దారిన పోయేవి, ఏ కాలంలో ఏమి ఏరుకునేవారు, దాంతో ఇల్లు ఎన్ని నెలలు గడిచేది, ముసలోళ్లను కూచోబెట్టి అడిగి రాయండి. వేలిముద్ర వేయించండి. దేశానికి 2,900 ఎకరాలు ఇచ్చింది ఎవరో ఆ రిజిస్టరు చెప్పాలె.

రెండు. 2006 అటవీ హక్కుల చట్టం చదవండి. ఎస్టీలకే కాదు, మూడు తరాలుగా అడవి మీద ఆధారపడి బతికిన ఇతరులకూ అందులో జాగా ఉంది. మేత హక్కు, అడవి ఫలసాయం హక్కు ఊరుమ్మడి హక్కులుగా రాసి ఉన్నయి. అడవి జాగాను వేరే పనికి ఇచ్చేముందు గ్రామసభ ఒప్పుకోలు ఉండాలని 2009లో కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. మన ఊర్ల గ్రామసభ ఎప్పుడు కూచుంది, ఎవరు సంతకం పెట్టారు అని సమాచార హక్కు కింద పది రూపాయల స్టాంపు పెట్టి అడగండి. జవాబు వచ్చినా పనికొస్తది, రాకపోయినా పనికొస్తది. 75 ఏండ్ల రుజువు అడుగుతరు, దళితునికి అది కష్టమే. అందుకే ముసలోళ్ల వాంగ్మూలాలు ఇప్పుడే తీసుకోవాలె, వాళ్లు పోయినంక అడవీ పోతది, సాక్ష్యమూ పోతది.

మూడు. అక్కడ రెండున్నర వేలకు పైగా మంది ఉండే టౌన్‌షిప్ వస్తదని చెప్పారు. యూనిఫాంలో రిజర్వేషన్ లేదు గానీ రక్షణ శాఖ సివిలియన్ ఉద్యోగాల్లో ఉంది. డ్రైవరు, ఫైర్‌మన్, ట్రేడ్స్‌మన్ వంటివి. అఖిల భారత నియామకాల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం. కాంట్రాక్టరు తెచ్చుకునే మనిషికి ఈ లెక్క వర్తించదు. కాబట్టి పనులన్నీ కాంట్రాక్టుకు పోకుండా ఇప్పుడే అడగాలె. నియామకం అయినంక అడిగితే తోట కాలినంక బావి తవ్వినట్టు.

నాలుగు. మన పిల్లలను పదితో ఆపకండి. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ తీసుకోనియ్యండి. గురుకులాల్లో ఆ సీట్లు ఖాళీ ఉండొద్దు. దామగుండం గేటు లోపలికి మన పిల్ల చీపురుతో పోకూడదు, చదువుతో పోవాలె.

ఐదు. గుడికి దారి ఇచ్చినట్టే మేకకు దారి అడగండి. కంచె ఎక్కడ పడుతదో, కంచె బయట మిగిలే అడవిలో మేత ఎవరిదో రాసి ఇవ్వమనండి. నోటిమాట హామీ వానకు కడిగిన ముగ్గు.

అన్నలారా, ఆఖరు మాట. నీళ్ల కింద ఉన్న జలాంతర్గామి ఈ టవర్లు పంపే హుకుం వినగలదు గానీ, అదే దారిన తిరిగి జవాబు చెప్పలేదు. సర్కారు మనల్ని కూడా అట్లనే చూసింది. హుకుం పట్నం నుంచి వస్తది, మనం వినాలె. కానీ మనం నీళ్ల కింద లేము, నేల మీద ఉన్నాము. మనకు నోరుంది. తూర్పు కమాండ్ చరిత్రలో అమిరాళ్ల పేర్లున్నయి, ఓడల పేర్లున్నయి, మునిగిన శత్రువు పేరు కూడా ఉంది. ఇక మీదట రాసే పేజీలో దామగుండం పేరు ఎట్లాగూ వస్తది. దాని పక్కన మన ఊర్ల పేర్లు, మన మేకల లెక్క, మన పిల్లల ఉద్యోగాల లెక్క ఉండాలె. ఆ రిజిస్టరు వచ్చే అమావాస్య లోపల మొదలు పెడతామని ఒప్పుకొని ఇక్కడినుంచి లేద్దాం.

జై భీమ్.